పార్టు వచ్చేసింది, మెకానిక్ ఇంకా రాలేదు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రిపేరుకి మనిషి రాకముందే స్పేర్ పార్టు కొరియర్లో ఇంటికి వచ్చేయడం ఇప్పుడు మామూలైపోయింది. పోయిన సంచికలో ఆ సంగతి రెండు ముక్కలు రాశాను. దానిమీద చాలా ఉత్తరాలు వచ్చాయి. విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్ స్పేర్స్ కౌంటర్లో ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. నేను కట్టి పంపిన డబ్బాలకు లెక్కలేదు. పార్టు ముందు వెళ్లడం మంచి పద్ధతి అనే నేను నమ్ముతాను. దాన్ని పంపేవాళ్లు, అందుకునేవాళ్లు చెయ్యాల్సిన పనులు కొన్నున్నాయి, అవి చేస్తేనే అది మంచి పద్ధతి. వచ్చిన వాటిలో కొన్ని ప్రశ్నలు తీసుకుని జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా ఫ్రిజ్ చల్లబడటం లేదు. అమెరికాలో డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి అక్కణ్నుంచే కంప్లైంటు పెట్టాడు. నాలుగు రోజుల తర్వాత ఒక డబ్బా వచ్చింది, లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉందట. మెకానిక్ ఎప్పుడొస్తాడో తెలియదు. అంతకుముందు ఒకసారి కొరియర్ అబ్బాయి వచ్చి ఓటీపీ అడిగాడు, నా ఫోనుకి రాలేదు, డబ్బా వెనక్కి తీసుకుపోయాడు. ఇప్పుడు ఈ డబ్బా తెరిచి చూడొచ్చా? ఎక్కడ పెట్టాలి? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ వదిలేయండి. మీరు చేసిన పొరపాటు ఏమీ లేదు. పిల్లలు ప్రేమతో అక్కడ కూర్చుని కంప్లైంటు పెడతారు, తమ ఫోన్ నంబరే ఇస్తారు. ఇక్కడ మీకు పగలు పదకొండయితే డల్లాస్‌లో అర్ధరాత్రి. ఓటీపీ నిద్రపోతున్న అబ్బాయి ఫోనుకి వెళ్తుంది, కొరియర్ అబ్బాయి మీ గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఇలా ‘డోర్ లాక్’ అని రాసి వెనక్కి పంపిన డబ్బాలు మా కౌంటర్‌కి వారానికి రెండు మూడు వచ్చేవి. తలుపు తీసే ఉంటుంది, లోపల మనిషీ ఉంటుంది. కాబట్టి ఇవాళే అబ్బాయికి చెప్పి, ఆ కంప్లైంటులో సంప్రదించాల్సిన నంబరు మీది పెట్టించండి. కస్టమర్ కేర్‌కి మీరే ఫోన్ చేసి కంప్లైంట్ నంబరు చెప్పినా సాధారణంగా మారుస్తారు.

డబ్బా పైనుంచి చూడండి, తెరవకండి. మూలలు నొక్కుకుపోయాయా, తడిసిందా, టేపు ఊడదీసి మళ్లీ వేసినట్టుందా? ఏదైనా తేడా కనబడితే నాలుగు పక్కలా ఫోటోలు తీసి కంప్లైంట్ నంబరు రాసి పంపించండి. ఇకముందు ఏ డబ్బా వచ్చినా సంతకం పెట్టేముందే ఇది చూసుకుని, స్లిప్పు మీద ‘డబ్బా దెబ్బతిని ఉంది’ అని రాయండి. ఆ ఒక్క మాట తర్వాత మిమ్మల్ని కాపాడుతుంది.

తెరవద్దని ఎందుకంటున్నానో చెప్తాను. లోపల వెండి రంగులో మెరిసే సంచి ఉంటుంది, బోర్డు అందులో ఉంటుంది. చలికాలంలో స్వెటర్ విప్పుతుంటే చిటపటమంటుంది చూడండి, ఆ కరెంటు మన ఒంట్లో ఊరికే పోగవుతుంది. అది మూడు వేల వోల్టుల దగ్గరికి వస్తేగానీ మన చేతికి చురుక్కుమని తెలియదు. బోర్డు మీది కొన్ని చిప్పులు పాడవడానికి వంద వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మీకేమీ తెలియకుండానే, చేత్తో తీసి చూసి లోపల పెట్టినంత మాత్రాన బోర్డు పోవచ్చు. పైగా వెంటనే పోకుండా రెండు నెలలకు పోతే కారణం ఎవరికీ అంతుపట్టదు.

డబ్బాని వంటింట్లో పెట్టకండి. ఆవిరి, నూనె తగలని చోట, మంచం కింద కాకుండా బీరువా పక్కనో పుస్తకాల అరలోనో పెట్టండి. బాణం గుర్తులుంటే అవి పైకే చూడాలి.

ఇంకొక్క మాట. మీకు రెండు ఓటీపీలు వస్తాయి. ఒకటి డబ్బా చేతికిచ్చే కొరియర్ అబ్బాయికి. రెండోది మెకానిక్ పని ముగించాక కంప్లైంటు మూసేందుకు. ఆ రెండోది ఫ్రిజ్ చల్లబడటం చూశాకే చెప్పండి. ‘ఇప్పుడే చెప్పండమ్మా, రేపొచ్చి చేస్తాను’ అంటే చెప్పకండి. ఓటీపీ చెప్పారంటే వాళ్ల లెక్కలో పని అయిపోయినట్టే.

ప్రశ్న: అక్కా, నేను నల్గొండ వైపు వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు చూసే టెక్నీషియన్‌ని. ఈ మధ్య మా ఓనర్ పార్టులన్నీ నేరుగా కస్టమర్ ఇంటికే పంపిస్తున్నారు. నేను వెళ్లేసరికి సగం చోట్ల వేరే పార్టు అవసరమని తేలుతోంది. కస్టమర్ నన్ను తిడుతున్నారు. పార్టు ముందు పంపడమే తప్పంటారా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: పంపడం తప్పు కాదు తమ్ముడూ. జబ్బేమిటో తెలియకుండా మందు పంపడం తప్పు. నీ తిప్పలన్నీ డబ్బా బయల్దేరడానికి ముందు జరగని ఒక ఫోన్ కాల్ దగ్గర మొదలవుతున్నాయి.

‘మెషిన్లోంచి నీళ్లు బయటికి పోవట్లేదు’ అని కంప్లైంటు వస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు డ్రెయిన్ పంపు పంపించేస్తారు. నువ్వు నలభై కిలోమీటర్లు బండి మీద వెళ్లి, ఫ్రంట్ లోడ్ మెషిన్ కింది మూత తిప్పితే ఫిల్టర్లో రెండు రూపాయల బిళ్ల, ఒక పిన్నీసు, పిల్లాడి సాక్సు. పంపు బంగారంలా ఉంటుంది. అదే ముందు ఫోన్ చేసి, ‘అమ్మా, స్విచ్ తీసేసి, కింద బేసిన్ పెట్టుకుని ఆ మూత నిదానంగా తిప్పండి, నీళ్లు వేడిగా ఉంటే చల్లారాక తిప్పండి’ అని చెప్తే డబ్బా పంపే పనే ఉండదు. బిళ్లలేమీ లేకపోతే వీడియో తీసి పంపమను. డ్రెయిన్ సమయంలో మెషిన్ చేసే శబ్దం వినాలి. గొణుగుతూ తిరగట్లేదంటే ఒక దారి, అసలు చప్పుడే లేకపోతే ఇంకో దారి. రెండో దాంట్లో పంపు పోయి ఉండొచ్చు, పంపుకి కరెంటు పంపే బోర్డు పోయి ఉండొచ్చు, మధ్యలో ఎలుక వైరు కొరికి ఉండొచ్చు. అలాంటప్పుడు పంపు ఒక్కటే కస్టమర్ ఇంటికి పంపితే జూదం ఆడినట్టే.

మీ ఓనర్‌గారికి నేను చెప్పేది ఇది. అనుమానం ఒక్క పార్టు మీదే ఉంటే, అది చేత్తో ముట్టుకున్నా పాడవనిదైతే, ముందు ఇంటికి పంపండి. డోర్ రబ్బరు, బెల్టు, నీళ్ల పైపు, రిమోటు, ట్రే, మూత లాంటివి నిశ్చింతగా వెళ్తాయి. అనుమానం రెండింటి మీద ఉంటే ఆ రెండూ టెక్నీషియన్ చేతికే ఇవ్వండి, వాడింది వాడి మిగిలింది తిరిగి స్టోర్స్‌కి జమ చేస్తాడు. కంప్రెసర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఒంటరిగా పంపొద్దు.

కంప్రెసర్ గురించి నా కళ్లారా చూసింది చెప్తాను. ఒకసారి గుంటూరు జిల్లాలో ఒక ఇంటికి కంప్రెసర్ ముందు పంపించాం. మూడు రోజుల తర్వాత అది తిరిగి నా కౌంటర్ మీదికొచ్చింది. దాని రాగి గొట్టాలకు రబ్బరు బిరడాలుంటాయి కదా, ఇంట్లో పిల్లలు వాటిని పీకి ఆడుకున్నారట. గొట్టాలు మూడు రోజులు నోళ్లు తెరుచుకుని వరండాలో ఉన్నాయి. ఆ రోజుల్లో అప్పుడే జల్లులు మొదలయ్యాయి. లోపలి నూనె గాల్లో తేమని పీల్చుకునే రకం. దాన్ని బిగిస్తే తేమ లోపల తిరుగుతూ సన్నటి గొట్టంలో గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెలోకి ఆమ్లం చేరుతుంది. చూడటానికి కొత్తగా నిగనిగలాడుతున్న ఆ కంప్రెసర్‌ని పక్కన పడేయాల్సి వచ్చింది. పిల్లల్ని ఏమనాలి? బిరడా తీయకూడదని ఆ ఇంట్లో ఎవరికీ మేం చెప్పలేదు. డబ్బా మీద ఉన్నదంతా ఇంగ్లీషు.

ఆ మర్నాటి నుంచే నేను లావుపాటి మార్కర్ తీసుకుని ప్రతి డబ్బా మీదా తెలుగులో రాయడం మొదలుపెట్టాను: ‘మెకానిక్ వచ్చేదాకా తెరవకండి. నిలువుగానే ఉంచండి. తడి తగలనివ్వకండి.’ కింద మా కౌంటర్ నంబరు. ఖర్చు ఒక మార్కర్. తెరిచిన డబ్బాలు ఆ తర్వాత బాగా తగ్గాయి. మీ ఓనర్‌గారితో ఈ పని రేపే చేయించు.

పెద్ద పార్టుతోపాటు వెళ్లాల్సిన చిన్నవి మర్చిపోతే అదీ వృథా ప్రయాణమే. కంప్రెసర్ మారిస్తే లోపలి తేమనీ చెత్తనీ పట్టే ఫిల్టర్ డ్రయ్యర్ కొత్తది పడాల్సిందే. డోర్ రబ్బరు వెళ్లి దాన్ని బిగించే స్ప్రింగ్ రింగు వెళ్లకపోతే, పాతది తుప్పు పట్టి చేతిలో విరిగితే, కస్టమర్ ముందు నువ్వే తలవంచుకోవాలి. నేను పార్టు నంబరు పక్కన దాని తోడు పార్టుల జాబితా రాసుకున్న ఒక పాత లెడ్జరు పెట్టుకునేదాన్ని. నువ్వూ నీ ఫోన్లో అలాంటిదొకటి మొదలుపెట్టు. ఫీల్డులో తిరిగేది నువ్వు కాబట్టి నీకే బాగా తెలుస్తాయి.

చివరగా తేదీ సంగతి. డిస్పాచ్ అయిందని మెసేజ్ చూసి కస్టమర్‌కి రోజు ఇవ్వకు. డబ్బా చేతికందిందని ఆ ఇంటివాళ్ల నోటితో విని, లేబుల్ ఫోటో తెప్పించుకుని, పార్టు నంబరు సరిచూసుకుని, అప్పుడు తేదీ ఇవ్వు. కూలికి వెళ్లేవాళ్లు నీకోసం ఇంట్లో ఉన్నారంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఆ డబ్బు ఏ బిల్లులోనూ కనబడదు.

ప్రశ్న: మాది చిన్న ల్యాబ్. రక్త పరీక్షలు చేసే సెమీ ఆటో ఎనలైజర్‌కి కొత్త దీపం కంపెనీవాళ్లు కొరియర్లో పంపారు. ఇంజినీరు వారం తర్వాత వస్తాడట. మా టెక్నీషియన్ తానే మారుస్తానంటున్నాడు. – ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: దీపం మార్చడం మీ మెషిన్ పుస్తకంలో ఉంటే, కంపెనీ ఒప్పుకుంటే మార్చుకోవచ్చు, కానీ చేతి వేళ్లు గాజుకి తగలకూడదు. అది హాలోజన్ దీపం. చాలా మెషిన్లలో 12 వోల్టులు, 20 వాట్లది ఉంటుంది. మన వేలికి ఎప్పుడూ సన్నటి జిడ్డు ఉంటుంది. వెలిగాక ఆ వేడికి జిడ్డు పడిన చోట గాజు తెల్లగా మసకబారి తొందరగా పగిలిపోతుంది. ఒకసారి ఇలాగే పంపిన దీపాన్ని ఒక ల్యాబ్ అబ్బాయి వెలుతురుకి పట్టుకుని చూశాడట. ఇంజినీరు వెళ్లి చూస్తే గాజు మీద బొటనవేలి ముద్ర గీతలతో సహా కనిపించింది. ఆయన దూదికి స్పిరిట్ అద్ది తుడిచి, ఆరాక బిగించాడు. వెలగకముందే చూశాడు కాబట్టి దీపం దక్కింది.

స్విచ్ ఆపి, పాత దీపం బాగా చల్లారాక తీయండి. కొత్తదాన్ని కవరుతోనే పట్టుకుని, లేదా పొడి చేతి తొడుగుతో బిగించండి. తర్వాత కంట్రోల్ సీరం (విలువలు ముందే తెలిసిన శాంపిల్) నడిపి విలువలు సరిగ్గా వచ్చాకే రోగుల శాంపిళ్లు పెట్టండి. దీపం బలహీనపడితే ముందుగా దెబ్బతినేది 340 నానోమీటర్ల దగ్గర, అంటే కంటికి కనబడని అతినీల కాంతిలో, చదివే పరీక్షలు. కాలేయం సంగతి చెప్పే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ పరీక్షలు అక్కడే చదువుతాయి. కంట్రోల్లో అవి తడబడుతుంటే దీపం ముసలిదైందేమో చూడాలి. ఆ విలువ చూసి డాక్టరుగారు మందు రాస్తారు కాబట్టి వారం రోజులు అనుమానపు దీపంతో నెట్టుకురాకండి. ఒక దీపం ఎప్పుడూ అల్మారాలో ఉంచుకోండి, ఎవరి రాక కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ప్రశ్న: లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బింది. కొత్తది పంపిస్తాం, పాతది మీరే కొరియర్ చేయండి అంటున్నారు. – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఉబ్బిన బ్యాటరీని కొరియర్లో వేయకండి బాబూ, బస్సు పార్సిల్లో అసలే వేయకండి. లిథియం అయాన్ బ్యాటరీలు విడిగా ఉంటే, మంచివైనా సరే, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా ఎక్కించరు. సరుకు విమానాల్లోనూ 30 శాతం ఛార్జింగ్ మించకూడదనే నియమం పెట్టారు. మంచి బ్యాటరీకే అన్ని కట్టుబాట్లున్నాయి. కొత్త బ్యాటరీ మీకు ఆలస్యంగా చేరడానికీ చాలాసార్లు కారణం ఇదే, రోడ్డు మార్గంలో వస్తుంది.

‘బ్యాటరీ ఉబ్బింది, మీ మనిషే వచ్చి తీసుకెళ్లాలి’ అని ఫోటోతో సహా రాతపూర్వకంగా పంపండి. ఈలోగా ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. పరుపు మీద, కాగితాల మధ్య ఉంచకుండా, ఎండ తగలని గచ్చు నేల మీద విడిగా పెట్టండి.

ప్రశ్న: ‘మీ స్పేర్ పార్టు హబ్‌లో ఆగిపోయింది, అడ్రస్ సరిచేయడానికి 5 రూపాయలు కట్టండి’ అని లింకు వచ్చింది. నిజంగానే మా ఏసీకి పార్టు రావాల్సి ఉంది. – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కట్టకండి, లింకు నొక్కకండి. మీకు నిజంగా పార్టు రావాల్సి ఉంది కాబట్టే నమ్మబుద్ధి అవుతుంది. మోసగాళ్లకి కావాల్సింది ఆ అయిదు రూపాయలు కాదు, మీ కార్డు వివరాలు. కంప్లైంట్ పెట్టినప్పుడు వచ్చిన మెసేజ్‌లోని నంబరుకో, వారంటీ కార్డు మీది నంబరుకో మీరే ఫోన్ చేసి అడగండి. ఇప్పటికే కట్టి ఉంటే బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ వెంటనే ఫోన్ చేయండి. ఇక పార్టు పేరు చెప్పి వారాలు గడిపేస్తున్నారంటే అది వేరే సమస్య, దానికి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

ప్రశ్న: వారంటీలో పార్టు మార్చి, జీఎస్టీ మాత్రం కట్టమన్నారు. పాత పార్టు కూడా తీసుకెళ్లిపోయారు. ఇది సరైనదేనా? – ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వారంటీలో మీ దగ్గర పైసా తీసుకోకుండా మార్చిన పార్టు మీద మీ నుంచి విడిగా జీఎస్టీ వసూలు చేయనక్కర్లేదని 2023 జూలై 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. దేనికి కట్టమన్నారో బిల్లులో రాసిమ్మనండి. వారంటీ బయటి పనికి, లేబర్‌కి డబ్బు తీసుకుంటే దానిమీద పన్ను ఉంటుంది. పాత పార్టు విషయంలో, వారంటీలో మార్చింది కంపెనీకే వెళ్లడం మామూలు పద్ధతి. అది వెనక్కి రాకపోతే కొత్తదానికి లెక్క చూపలేక ఆ టెక్నీషియన్ జీతంలోంచి పోతుంది. డబ్బు కట్టి మార్పించుకున్నదైతే పాతది నాకివ్వాలి అని పనికి ముందే చెప్పండి. హార్డ్ డిస్క్ అయితే మాత్రం వారంటీ ఉన్నా సరే, అందులో మీ ఫోటోలు, కాగితాలు ఉంటాయి కాబట్టి ఇచ్చేముందు తప్పకుండా అడగండి.

ప్రశ్న: మేడమ్, నేను ఒక సర్వీస్ సెంటర్లో స్పేర్స్ డిస్పాచ్‌లో కొత్తగా చేరాను. అందరికంటే ముందు నేర్చుకోవాల్సింది ఏమిటి? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: సీరియల్ నంబరు సరిగ్గా రాసుకోవడం. వాట్సాప్ లేని రోజుల్లో మేం అన్నీ ఫోన్లోనే రాసుకునేవాళ్లం. అద్దంకి దగ్గర ఒక పల్లెలో పనిచేసే టీచరమ్మ ఫ్రిజ్ సీరియల్ నంబరు చదివారు. ఆవిడ ‘బి’ అన్నది నాకు ‘డి’ అని వినపడింది, అలాగే రాసుకున్నాను. ఒకే మోడల్, కానీ ఆ ఒక్క అక్షరంతో తయారీ మారింది, బోర్డు మారింది. ఆవిడ సెలవు పెట్టుకుని కూర్చున్నారు, ఒంగోలు నుంచి మా టెక్నీషియన్ వెళ్లాడు, బోర్డు కనెక్టరు దగ్గర పట్టలేదు. ఆవిడ నాకు ఫోన్ చేసి కోప్పడలేదు. ‘మళ్లీ సెలవు దొరకదమ్మా, ఆదివారం పంపగలరా?’ అన్నారు. ఆ గొంతు నాకింకా గుర్తుంది. ఆదివారం పంపించాం.

అప్పటి నుంచి అక్షరాలకు మన ఊళ్ల పేర్లు పెట్టుకున్నాను. ‘బి ఫర్ బాంబే’ అంటే కొందరికి తెలియదు, ఊళ్లు అందరికీ తెలుసు. బి అంటే బందరు, డి అంటే ధవళేశ్వరం, పి పొన్నూరు, టి తెనాలి, వి విజయవాడ, సి చీరాల, జి గుంటూరు, ఈ అంటే ఏలూరు. ఎమ్‌కి మంగళగిరి, ఎన్‌కి నందిగామ, ఎస్‌కి సత్తెనపల్లి. ఎఫ్‌కి ఊరు దొరక్క ఫ్యాను అనేదాన్ని. అంకెలు మాత్రం తెలుగులోనే చెప్పించుకోండి. ‘ఎయిట్’ అంటే ఏ, హెచ్ అని కూడా వినపడుతుంది, ‘ఎనిమిది’ అంటే ఎనిమిదే. సున్నాకి ‘సున్నా’, ఓ అక్షరానికి ‘ఒంగోలు’. ఒకటికి ‘ఒకటి’, ఐ అక్షరానికి ‘ఇచ్ఛాపురం’.

ఇప్పుడు మీకు ఫోటో ఉంది, తప్పకుండా ఫోటోనే అడగండి. స్టిక్కరు ఎక్కడుందో కస్టమర్‌కి మీరే చెప్పాలి. ఫ్రిజ్‌కి ఎక్కువగా లోపలి పక్క గోడ మీద, కూరగాయల ట్రే దగ్గర. ఫ్రంట్ లోడ్ మెషిన్‌కి తలుపు తీస్తే అంచు మీద, టాప్ లోడ్‌కి వెనక. ఏసీకి లోపలి యూనిట్ పక్కన, లాప్‌టాప్‌కి అడుగున. ఫోటో పంపలేనివాళ్లు, పెద్దవాళ్లు ఫోన్ చేసినప్పుడు పనికొచ్చేలా ఆ ఊళ్ల జాబితా కీబోర్డు పక్కన అతికించి ఉంచుకోండి, నంబరు రాసుకున్నాక ఒకసారి వాళ్లకే చదివి వినిపించండి.